కార్పెట్ మరకలు, వంటింటి సామాను, బోరు నీళ్ళు

కార్పెట్ మరక మీద బేకింగ్ సోడా చల్లి దాని మీద వెనిగర్ పోస్తే బుస్సుమని పొంగుతుంది, వీడియోలో చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, వెనకాల మ్యూజిక్ కూడా పెడతారు. ఆ పొంగులో ఉన్నది కార్బన్ డయాక్సైడ్, అంతే. ఒకటి క్షారం, ఇంకొకటి ఆమ్లం, రెండూ కలిశాక ఒకదాని బలాన్ని ఇంకొకటి తినేస్తుంది, చివరికి మిగిలేది కాస్త లవణం కలిసిన నీళ్ళు. విడివిడిగా వాడితే పనికొచ్చే రెండు వస్తువుల్ని కలిపి రెండింటినీ దండగ చేయడం అన్నమాట. ఇదే మాట మా వదినతో అంటే "మరి అందరు గట్లనే చేస్తున్నరు గదా, మరక పోతనే ఉంది గదా" అంది. పోతోంది, నిజమే. కానీ పోయేది పొంగు వల్ల కాదు వదినా, ఆ తర్వాత గుడ్డ పెట్టి అద్దుతున్నారు చూడు, దానివల్ల.

ఈ పోస్టంతా ఆ గుడ్డ గురించే అనుకోండి. మరక మీద ఏం పోయాలి అని అందరూ అడుగుతారు. పోసిందాన్ని మళ్ళీ బయటికి ఎలా తీయాలి అని అడిగినవాళ్ళని నేను చూడలేదు. చొక్కా అయితే సబ్బు పెట్టి, వెనిగర్ పెట్టి, ఏదైనా పెట్టి చివరికి పంపు కింద జాడించేస్తాం, కథ ముగిసింది. కార్పెట్‌ని జాడించలేం. మనం పోసిన ప్రతి చెంచా సబ్బు నీళ్ళూ పోగుల్లోకి, అక్కణ్ణుంచి అడుగున ఉన్న నేతలోకి, ఆ కింద అతికించిన లేటెక్స్ అనే రబ్బరు జిగురులోకి దిగి కూర్చుంటాయి. మరక పోయిందని మనం సంతోషపడుతుంటాం, లోపల సబ్బు అలాగే ఉంటుంది. అది ఆరాక కూడా జిగటగా ఉండి వచ్చేపోయేవాళ్ళ కాళ్ళ దుమ్మంతా పట్టుకుంటుంది. కొన్ని వారాలకి అదే చోట నల్లగా ఒక మచ్చ తేలుతుంది. పాత మరక తిరిగొచ్చిందనుకుంటాం గానీ, అది మన సబ్బు తెచ్చిన కొత్త మరక.

అందుకే నా లెక్క ఒకటే. ఏది వాడినా తక్కువ వాడాలి, వాడినదాన్ని పూర్తిగా తీసేయాలి. మిగతావన్నీ దీని తర్వాతే.

ఏది వాడాలో తేల్చుకునే ముందు ఆ కార్పెట్ దేంతో చేసిందో తెలియాలి. హైదరాబాద్‌లో మనందరి ఇళ్ళల్లో రకరకాలవి ఉంటాయి. జనవరి 1న మొదలయ్యే నుమాయిష్‌లో బేరమాడి తెచ్చుకున్న కాశ్మీరీ ఉన్నిది ఒకటి, ఆన్‌లైన్‌లో తక్కువకి వచ్చిందని కొన్న మిషన్ నేతది ఒకటి, అత్తమ్మ పెట్టెలోంచి బయటపడే వరంగల్ కొత్తవాడ జంపఖానా ఒకటి. ఈ మూడింటికీ ఒకే వైద్యం పనికిరాదు. వరంగల్ జంపఖానాకి 2018లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే గుర్తింపు, వచ్చింది, అది నూలుది, దానికి మెత్తని కుచ్చు ఉండదు కాబట్టి రంగు దిగదని ఒకసారి తేల్చుకున్నాక ఎత్తుకెళ్ళి డాబా మీద ఉతికేయొచ్చు. దాని మీద మరక పడిందని టెన్షన్ పడేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఉన్నిది, సింథటిక్‌ది మాత్రం అలా కాదు.

తెలుసుకోవడానికి పాత పద్ధతే మంచిది. వెనకవైపు మూలలోంచి ఒక్క పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద పెట్టి అగ్గిపుల్ల అంటించండి. వెంట్రుకలు కాలిన కమురు వాసన వచ్చి, మంట తనంతట తానే ఆరిపోయి, బూడిద వేళ్ళ మధ్య పొడిపొడి అయితే ఉన్ని లేదా అసలు పట్టు. కరిగి ముద్దయి, చల్లారాక గట్టి పూసలా మిగిలితే పాలిస్టరో నైలానో పాలీప్రొపిలీనో. కాగితం కాలిన వాసన వస్తే నూలు లేదా విస్కోస్, అంటే చెట్ల గుజ్జుతో చేసే పోగు. ఈ విస్కోస్ దగ్గర జాగ్రత్త. ఆర్ట్ సిల్క్, బ్యాంబూ సిల్క్ అని పేర్లు పెట్టి అమ్మేవాటిలో చాలావరకు ఇదే. మెరుపు చూసి పట్టు అనుకుంటాం. తడిస్తే దీని పోగు బలం దాదాపు సగానికి పడిపోతుంది, రుద్దితే నూగు లేచిపోతుంది, ఆరాక ఆ చోట పసుపు పచ్చగా, గట్టిగా తయారవుతుంది. అంటే ఉత్త నీళ్ళే దాని మీద మరక. అందుకని విస్కోస్ కార్పెట్ మీద ఏదైనా పడితే పొడి గుడ్డతో అద్ది, పౌడర్ చల్లి, ఆ పైన తెలిసినవాళ్ళకి ఇచ్చేయడమే. ఇక్కడ చెప్పే తడి వైద్యాలేవీ దానికి కాదు.

రంగు దిగుతుందో లేదో కూడా ముందే చూసుకోవాలి. తెల్ల గుడ్డని మీరు వాడబోయే ద్రావణంలో తడిపి, సోఫా కింద దాక్కునే మూల మీద కాసేపు ఒత్తిపెట్టి ఉంచి తీయండి. గుడ్డకి ఎరుపో నీలమో అంటితే ఆ ద్రావణం మర్చిపోండి. చేతినేత వాటిలో ముదురు ఎరుపుతోనే పేచీ ఎక్కువ.

ఇప్పుడు గుడ్డ సంగతి. తెల్లదే కావాలి, రంగుది వాడితే దాని రంగు కార్పెట్‌కి అంటుకుంటుంది. టిష్యూ పేపర్ తడిసి చిరిగి ముక్కలు పోగుల్లో ఇరుక్కుంటుంది. నా ఓటు మా ఆయన పాత బనియన్లకి, వాటికి పీల్చే గుణం ఉంటుంది, పారేసినా బాధ ఉండదు. ఏదైనా పడగానే గుడ్డ మడత పెట్టి దాని మీద ఉంచి అరచేత్తో, అవసరమైతే మడమతో బరువంతా వేసి ఒత్తండి. తీయండి, మడత మార్చండి, పొడి వైపు పెట్టి మళ్ళీ ఒత్తండి. మరక అంచు నుంచి మధ్యకి రావాలి, మధ్య నుంచి బయటికి పోతే అది పెద్దదవుతుంది. రుద్దడం మాత్రం వద్దు. రుద్దితే రంగు లోపలికి దిగడమే కాదు, పోగుల మెలి విడిపోయి ఆ చోట కుచ్చు చెదిరిపోతుంది, మరక పోయినా ఆ చెదిరిన మచ్చ పోదు. మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడకి ఇది చెప్పి ఒప్పించడానికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. గట్టిగా బ్రష్ కొడితేనే శుభ్రం అని ఆవిడ నమ్మకం, గిన్నెల విషయంలో ఆవిడే కరెక్టు.

నీళ్ళు మగ్గుతో పోయకండి. స్ప్రే సీసా పెట్టుకోండి, గ్లాసు తుడిచే లిక్విడ్ అయిపోయిన సీసా బాగా కడిగి వాడుకుంటే చాలు.

మన ఇళ్ళల్లో అసలు విలన్ పసుపు. శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చిన ముత్తయిదువులకి కాళ్ళకి పసుపు రాస్తాం, వాళ్ళు ఆ కాళ్ళతోనే హాల్లోకి వచ్చి సోఫాలో కూర్చుంటారు. కాళ్ళు ఆరాక రండి అని ఎవరం అనగలం? సాయంత్రానికి గుమ్మం నుంచి సోఫా దాకా కార్పెట్ మీద పసుపు అడుగులు, మడమ దగ్గర ముదురుగా, వేళ్ళ దగ్గర చుక్కలు చుక్కలుగా. అత్తమ్మ అయితే "లక్ష్మి నడిసొచ్చినట్టుంది, తుడవకు బిడ్డా ఇయ్యాల" అంది. సరే అని ఆ రోజుకి వదిలేశాను. ఆరిపోయిన పసుపు ఒక రకంగా నయమే, పొడిగా ఉన్నప్పుడు వ్యాక్యూమ్ పెడితే పైపైన ఉన్నదంతా నీళ్ళ అవసరం లేకుండానే పోతుంది. తడి గుడ్డ తగిలిందంటే ఆ పొడే రంగయి లోపలికి దిగుతుంది. పసుపు మరకకి నీళ్ళతో మొదలుపెట్టకూడదు, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

పసుపులో రంగునిచ్చేది కర్కుమిన్. అది నీళ్ళలో సరిగ్గా కరగదు, నూనెలో, ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఇంకో గుణం, క్షారం తగిలితే ఎర్రబడుతుంది. కుంకుమ చేసేది అలాగే కదా, పసుపులో సున్నం కలిపి. తెల్ల చొక్కా మీద సాంబారు పడితే బట్టల సబ్బు పెట్టగానే ఎర్రగా మారడం అందరం చూసిందే. కార్పెట్ మీద కూడా సర్ఫో, సోడానో పెడితే అదే జరుగుతుంది, పాపం తెలియనివాళ్ళు కార్పెట్ రంగు దిగిపోయిందని కంగారుపడిపోతారు. కంగారు వద్దు, వెనిగర్ నీళ్ళు తగిలిస్తే మళ్ళీ పసుపు రంగుకి వస్తుంది. అయితే రంగు మారిందంటే మరక తగ్గినట్టు కాదు, అది వేషం మార్చింది, అంతే.

మరి దేంతో పోతుంది? 2020 నుంచి ప్రతి ఇంట్లో మిగిలిపోయిన శానిటైజర్ సీసాలు ఉన్నాయి కదా, వాటిలో నీళ్ళలా ఉండే స్ప్రే రకం తీసుకోండి, జెల్ వద్దు, అది జిగురు వదులుతుంది. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ కూడా ఇదే పని చేస్తుంది. కార్పెట్ మీద పోయొద్దు, అడుగున ఉన్న లేటెక్స్‌ని మెత్తబరుస్తుంది. గుడ్డ మూలని తడిపి మరక మీద అద్దండి. గుడ్డ మీదికి పసుపు రావడం కళ్ళతో కనిపిస్తుంది, మొదటి రెండు మడతలకి బాగా వస్తుంది, తర్వాత తగ్గుతూ పోతుంది. దగ్గర్లో దీపం, అగరొత్తి లేకుండా చూసుకోండి, పేరంటం రోజు రెండూ ఉంటాయి కాబట్టి చెబుతున్నాను. కిటికీలు తీసి ఉంచండి. ఆ తర్వాత అర లీటరు నీళ్ళలో ఒక చిన్న చెంచా గిన్నెలు తోమే లిక్విడ్, ఒక చెంచా వెనిగర్ కలిపి, గిలకొట్టి, ఆ నురగ మాత్రం గుడ్డకి తీసుకుని అద్దండి. చివర్లో ఉత్త నీళ్ళు స్ప్రే చేసి ఒత్తి తీయడం, నురగ రావడం ఆగేదాకా.

ఇంత చేసినా ఒక లేత పసుపు నీడ మిగులుతుంది. దానికి మందు ఎండ. కర్కుమిన్ వెలుతురుకి తట్టుకోలేదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకి పిట్టగోడ మీద వేస్తే చూస్తుండగానే వెలిసిపోతుంది. ఎండకి కార్పెట్ రంగు కూడా వెలుస్తుంది కాబట్టి మరక వరకు వదిలి మిగతా అంతా పాత దుప్పటి కప్పండి. చిక్కంతా ఎక్కడంటే, పేరంటాలు వచ్చేది శ్రావణంలో, అప్పుడు హైదరాబాద్‌లో ఎండ మొహం చూసి ఎన్నాళ్ళో అవుతుంది. బాల్కనీ కిటికీ అద్దంలోంచి వచ్చే వెలుతురైనా పనిచేస్తుంది, నిదానంగా. మా కార్పెట్‌ని కిటికీ వైపు జరిపి అలా వదిలేస్తే కొన్నాళ్ళకి అడుగులన్నీ పోయాయి, గుమ్మం దగ్గర ఒక మడమ గుర్తు మాత్రం వినాయక చవితి దాకా ఉంది.

అంత ఓపిక లేకపోతే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంది. మెడికల్ షాపులో సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే అది సుమారు 6 శాతం, దానికి సమానంగా నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది, అంతకంటే గాఢంగా వద్దు. అది రంగుని చంపే మందు. మరక రంగు, కార్పెట్ రంగు అని తేడా చూడదు. లేత రంగు సింథటిక్ మీద ధైర్యంగా వాడొచ్చు, ఉన్ని మీద, ముదురు రంగు మీద అయితే దాక్కునే మూలలో చూశాకే. కలిపింది మిగిలితే పారబోయండి, గట్టిగా మూత పెట్టి దాచకండి, ఆక్సిజన్ వదులుతూ ఉంటుంది, సీసా ఉబ్బుతుంది.

టీ మరక సులువు అనుకుంటాం గానీ ఇరానీ చాయ్ అంత సులువు కాదు. అందులో చిక్కటి పాలున్నాయి, చక్కెర ఉంది, గంటల తరబడి మరిగిన డికాక్షన్ ఉంది. డికాక్షన్‌కి వగరునిచ్చే టానిన్‌కి ఆమ్లం పడుతుంది, క్షారం పడదు. బట్టల సబ్బు బిళ్ళ రుద్దితే టానిన్ మరక ఇంకా ముదిరి అక్కడే స్థిరపడిపోతుంది. బేకింగ్ సోడా పేస్టు పెట్టినా ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. కాబట్టి చాయ్ పడగానే ముందు ఒత్తి పీల్చేయడం, ఆ తర్వాత చల్లని నీళ్ళు, ఆపైన నూడుల్స్‌లోకి వాడే తెల్ల వెనిగర్ ఒక వంతుకి రెండు వంతుల నీళ్ళు కలిపి అద్దడం. పాల సంగతి వేరు. మరక కనిపించకుండా పోయినా పాలు లోపల మిగిలితే మూడో రోజుకి పులిసిన వాసన మొదలవుతుంది, గదిలోకి వచ్చిన చుట్టాలు ముక్కు ఎగబీలుస్తారు గానీ మొహమాటానికి ఏం అనరు. అందుకని వెనిగర్ తర్వాత గిన్నెల లిక్విడ్ నురగ ఒకసారి, ఉత్త నీళ్ళు రెండు మూడుసార్లు తప్పదు. వాసన ఇంకా ఉంటే, బాగా ఆరిన తర్వాత, అప్పుడు తీయండి బేకింగ్ సోడా డబ్బా. పొడిగా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున్న వ్యాక్యూమ్ చేయండి. వాసన పట్టుకోవడం దానికి బాగా వచ్చిన విద్య, అది వదిలేసి దాని చేత బుడగలు పెట్టిస్తున్నాం.

రంజాన్ నెలలో మరకలకి ఒక ప్రత్యేకత ఉంది, హలీమ్. హైదరాబాదీ హలీమ్‌కి 2010లోనే జీఐ గుర్తింపు వచ్చింది, దాని మరకకీ ఏదో ఒక గుర్తింపు ఇవ్వాలి. గోధుమ, మాంసం కలిసి ముద్దయిన జిగట, పైన తేలే నెయ్యి, కాస్త మసాలా రంగు, మూడూ కలిసి పడతాయి. పోయినేడు మా మరిది పార్సిల్ డబ్బా మూత తీస్తుంటే చేయి జారి సగం డబ్బా కార్పెట్ మీద. మా చిన్నోడు తడి గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అత్తమ్మ కుర్చీలోంచే "ఉప్పు పొయ్ బిడ్డా, ఉప్పు గుంజుకుంటది" అంటోంది. తడి గుడ్డ వద్దన్నాను, ఉప్పూ వద్దన్నాను. స్టీలు చెంచా అంచుతో, బయట నుంచి లోపలికి, కార్పెట్‌కి వాలుగా పెట్టి ఎత్తుకుంటూ పోవాలి, దోసె తిరగేసే అట్లకాడ అయినా సరే. ముద్ద పోయాక చూస్తే పోగుల మొదళ్ళ దగ్గర నెయ్యి మెరుస్తూ కనిపించింది. దాని మీద టాల్కం పౌడర్ దండిగా పోసి, వేళ్ళతో మెల్లగా లోపలికి అద్ది వదిలేశాం. కాసేపటికి తెల్ల పౌడర్ కాస్తా లేత పసుపు రంగులో గడ్డలు గడ్డలుగా మారింది, అంటే నెయ్యి పీలుస్తోందన్నమాట. వ్యాక్యూమ్ చేసి ఇంకోసారి పోశాం, ఈసారి గడ్డలు తక్కువ. పౌడర్ తెల్లగానే ఉండిపోయేదాకా ఇలా చేయడమే, అప్పుడు గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల లిక్విడ్ నురగ. నెయ్యి పీల్చకముందే నురగ పెట్టి ఉంటే అది ఇంకా వెడల్పుగా పాకేది.

టాల్కం బదులు కార్న్‌ఫ్లోర్ కూడా బాగా పనిచేస్తుంది, కానీ పిండి ఏదైనా సరే పోగుల్లో మిగిలితే బొద్దింకలకి విందు. శనగపిండి అసలే వద్దు, తడి తగిలితే పేస్టయి కూర్చుంటుంది, పైగా దానికే పసుపు రంగు. ఉప్పు సంగతి అత్తమ్మతో వాదించలేదు గానీ మీతో చెబుతాను. తడిని కాస్త పీలుస్తుంది నిజమే, కానీ లోపల మిగిలిన ఉప్పు గాల్లో తేమని లాక్కుని ఆ చోటుని ఎప్పుడూ చెమ్మగా ఉంచుతుంది. దీపం నూనె ఒలికినా, పునుగుల ప్లేటు తిరగబడినా ఇదే పౌడర్ వైద్యం. పాలీప్రొపిలీన్ కార్పెట్‌లకి నూనె అంటే ప్రాణం, నీళ్ళ మరకలు అంటవు గానీ నూనె పట్టిందంటే వదలవు, వాటికి ఈ పని వెంటనే చేయాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బాల్‌పెన్ గీతకి శానిటైజర్ అద్దడం. నెయిల్ పాలిష్‌కి రిమూవరే, కానీ అసిటోన్ కొన్ని సింథటిక్ పోగుల్ని కరిగిస్తుంది కాబట్టి ముందు మూలలో చూసుకోవాలి. కొవ్వొత్తి మైనానికి ఐసు ముక్క పెట్టి గట్టిపడ్డాక గీకడం, మిగిలినదానికి కాగితం పరిచి ఇస్త్రీ పెట్టె. పాలీప్రొపిలీన్ అయితే ఇస్త్రీ మాట ఎత్తొద్దు, అది సుమారు 160 డిగ్రీలకే కరుగుతుంది, కాటన్ సెట్టింగ్‌లో పెట్టె 200 దాకా పోతుంది. చూయింగ్ గమ్‌కీ ఐసే. పాన్ మరకలో సున్నం, కాచు రెండూ ఉంటాయి కాబట్టి ముందు నిమ్మరసమో వెనిగరో, తర్వాత పెరాక్సైడ్, అయినా పూర్తిగా పోతుందని మాట ఇవ్వను. రక్తానికి చల్లని నీళ్ళు, వేడి నీళ్ళు తగిలితే అందులోని ప్రోటీన్ ఉడికి పట్టేస్తుంది. మిగిలిన మచ్చకి పెరాక్సైడ్ వేస్తే తెల్లగా పొంగుతుంది, ఈ పొంగు మాత్రం పనిచేసే పొంగే. ఇనుప మంచం కాళ్ళు, బీరువా కాళ్ళు వదిలే తుప్పు మరకకి నిమ్మరసం పిండి కాసేపు ఉంచి అద్దితే కరుగుతుంది. తుప్పు మీద బ్లీచ్ వేస్తే పోకపోగా ఇంకా గట్టిపడుతుంది.

చిన్న పిల్లల మూత్రం అయితే పీల్చేయడం, నీళ్ళు, వెనిగర్ నీళ్ళు, మళ్ళీ నీళ్ళు, పూర్తిగా ఆరాక బేకింగ్ సోడా. చూశారా, ఇక్కడ రెండూ వాడుతున్నాం, కాకపోతే ఒకదాని పని అయ్యాకే రెండోది. పిల్లి పోస్తే ఇది చాలదు, అందులోని యూరిక్ ఆమ్లం స్ఫటికాలు తేమ తగిలినప్పుడల్లా మళ్ళీ వాసన కొడతాయి, పెట్ షాపులో దొరికే ఎంజైమ్ లిక్విడ్ తెచ్చుకోవాల్సిందే.

గోరింటాకు గురించి విడిగా చెప్పాలి. అందులోని లాసోన్ అనే రంగు కెరటిన్‌కి అతుక్కుంటుంది. మన అరచేతి చర్మం, జుట్టు, గోళ్ళు అన్నీ కెరటినే. గొర్రె ఉన్ని కూడా కెరటినే. ఆషాఢంలో ఆడపిల్లలు చేతికి పెట్టుకున్న ముద్ద ఉన్ని కార్పెట్ మీద పడి కాసేపు ఉందంటే, చేతికి పండినట్టే కార్పెట్‌కీ పండుతుంది, తేడా ఏంటంటే చర్మం రాలి కొత్తది వస్తుంది, కార్పెట్‌కి రాదు. పచ్చిగా ఉన్నప్పుడే ఎత్తేస్తే సరి. పండాక దాని మీద మందులు పోసి కార్పెట్ పాడుచేసుకోకండి, టీపాయ్ జరపండి.

ఉన్నికి ఇంట్లో దొరికేవాటిలో నాకు బాగా నచ్చింది కుంకుడుకాయ. గింజ తీసి, నానబెట్టి, పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టిన రసం నురగ. వెనకటికి పట్టుచీరలు దీంతోనే ఉతికేవారు. దానిలో నురగనిచ్చే సాపోనిన్లు మురికిని మెత్తగా వదిలిస్తాయి, డిటర్జెంట్‌లా క్షారం ఉండదు. కానీ రసానికి గోధుమ రంగు ఉంటుంది, క్రీమ్ రంగు కార్పెట్ మీద దాని మరక దానికి మిగులుతుంది, ముదురు రంగులకి వాడుకోండి. వడకట్టడం అంత పని ఎందుకంటే స్వెటర్లకి వాడే లిక్విడ్ తెచ్చుకోండి, మామూలు సర్ఫ్ పొడి మాత్రం ఉన్నికి వద్దు. చాలా పొడుల్లో మాంసం, గుడ్డు మరకల్ని కొరికే ఎంజైమ్‌లు ఉంటాయి, ఉన్ని కూడా ప్రోటీనే, దాన్ని వదిలేయమని వాటికి ఎవరు చెబుతారు?

బ్లీచ్ అయితే ఉన్నిని కొరకడం కాదు, కరిగించేస్తుంది. గట్టి బ్లీచ్‌లో ఉన్ని దారం వేసి ఉంచితే కాసేపటికి దారం కనిపించదు. దేనికీ లొంగని మరక కదా అని బాత్రూమ్ కడిగే యాసిడ్ కూడా తెచ్చి పోసేవాళ్ళున్నారు. బ్లీచ్, యాసిడ్ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు, తలుపులు మూసిన గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. బ్లీచ్‌తో వెనిగర్ కలిపినా అంతే.

ఇక నీళ్ళు. మంజీరా నీళ్ళు వచ్చే కాలనీల వాళ్ళకి ఈ బాధ తెలియదు గానీ మాలాగా బోరు మీద, ట్యాంకర్ మీద బతికే అపార్ట్‌మెంట్‌లలో నీళ్ళే ఒక మరక. బకెట్ అంచున, గీజర్ లోపల పట్టే తెల్లటి పొర కార్పెట్ మీద కూడా పడుతుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు. సబ్బుతో కలిస్తే తెట్టులా పోగులకి పట్టుకుంటాయి, ఆరాక ముట్టుకుంటే గరగరలాడుతుంది. మరకంతా బోరు నీళ్ళతోనే శుభ్రం చేసుకోండి, ఆఖరి రెండు స్ప్రేలు మాత్రం తాగే ఆర్‌ఓ నీళ్ళతో చేయండి. గ్లాసుడు నీళ్ళ పని, తేడా మాత్రం బాగా తెలుస్తుంది.

అన్నీ సరిగ్గా చేసి, మరక పూర్తిగా పోయి, తృప్తిగా పడుకుంటే పొద్దున్నకి అదే చోట మరక మళ్ళీ కనిపిస్తుంది. ఇది దెయ్యం పనేం కాదు. అడుగున దిగిన రంగు నీళ్ళు, పైన ఆరుతున్నకొద్దీ, దీపం వత్తి నూనెని లాక్కున్నట్టు పోగుల వెంట పైకి ఎక్కి, నీళ్ళు ఆవిరయ్యాక రంగుని కొసల దగ్గర వదిలేస్తాయి. అందుకని ఆఖరి ఒత్తుడు అయ్యాక మడతపెట్టిన పొడి తువ్వాలు దాని మీద పరిచి, పైన పాలిథిన్ కవరు, ఆ పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. నేను రుబ్బురోలు పొత్రం పెడతాను, ఇన్నాళ్ళకి దానికో పని దొరికింది. ఎక్కే రంగంతా తువ్వాలులోకి ఎక్కుతుంది. పొద్దున్న తువ్వాలు తీసి చూస్తే కార్పెట్ మరక ఆకారం దాని మీద అచ్చు దిగి ఉంటుంది, ఆ రంగంతా ఎక్కడ దాక్కుందో అప్పుడు అర్థమవుతుంది.

ఆరబెట్టడం ఎండాకాలంలో ఒక విషయమే కాదు. జులై నుంచి సెప్టెంబరు దాకా మాత్రం అదే పెద్ద పని. రెండు రోజులు చెమ్మగా ఉంటే బూజు వాసన మొదలవుతుంది, ఒకసారి పట్టాక వదలడం కష్టం. నేలకి ఆన్చి ఎంత ఫ్యాన్ వేసినా పైనే ఆరుతుంది, అడుగున ఆరదు. మూల ఎత్తి కింద ఏదైనా పెట్టి గాలి ఆడేలా చేయాలి, చిన్నదైతే పూర్తిగా ఎత్తేయాలి. పెద్ద మరకలు, కార్పెట్ మొత్తం కడగడం లాంటివి వానల్లో పెట్టుకోకుండా సంక్రాంతి దాటాక పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

బయట ఇచ్చేటట్టయితే ఏం అడగాలో కూడా చెబుతాను. మాది ఒకసారి కడగడానికి ఇస్తే మంచి వాసనతో, తళతళలాడుతూ వచ్చింది, నెల తిరక్కముందే నడిచే దారంతా నల్లగా తేలింది. షాంపూ తీయకుండా ఆరబెట్టేశారు, ఇంకేముంది. అందుకే ఇప్పుడు ఇచ్చే ముందు షాంపూ దేంతో తీస్తారు, ఎన్నిసార్లు నీళ్ళు పెడతారు, ఎక్కడ ఆరబెడతారు అని అడుగుతాను. సమాధానం తడుముకుంటే ఇవ్వను. తిరిగి తెచ్చినప్పుడు పైన కాదు, వెనకవైపు అరచెయ్యి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, వాళ్ళు ఆరిందని ఎంత చెప్పినా సరే. వెంటనే పరిచేయకుండా రెండు కుర్చీల మీద అడ్డంగా వేసి ఇంకో రాత్రి ఫ్యాన్ కింద ఉంచండి. ఆ కుర్చీలు ఇనుపవి మాత్రం కాకూడదు, మళ్ళీ నిమ్మకాయలు కొనాల్సి వస్తుంది.